అయిదు పిన్‌బాల్ యంత్రాలు, ఒక మూసిన గది

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. చికాగో దగ్గర పనిముట్లు తయారుచేసే కర్మాగారంలో 28 ఏళ్లు పనిచేసి 2016లో సొంత ఊరికి వచ్చేశాను. అక్కడ ఉండగా పిన్‌బాల్ యంత్రాల (వాలు బల్ల మీద ఉక్కు బంతిని కొడుతూ మార్కులు సంపాదించే ఆటపెట్టెల) మీద పడిన మోజు ఇప్పటికీ వదలలేదు. వచ్చేటప్పుడు అయిదింటిని ఓడలో చెన్నైకి, అక్కడి నుంచి లారీలో ఇంటికి తెచ్చుకున్నాను. రెండు రిలేల (కరెంటుతో తెరుచుకుని మూసుకునే స్విచ్చుల) కాలం నాటివి, ఒకటి 1979 నాటి గోర్గార్, రెండు 1990ల నాటివి. ఇప్పుడు రిలేల యంత్రం ఒకటి, 1990ల యంత్రం ఒకటి ఆగిపోయాయి. మొదట్లో వీధి పిల్లలను రానిచ్చి ఆడించేవాణ్ని. ఒకరోజు ఒక కుర్రవాడు యంత్రం గాజు మీదికెక్కి కూర్చున్నాడు. ఇంకోరోజు వీధిలో ఒకాయన “ఇంట్లో జూదం పెట్టారా?” అని నలుగురి ముందు అడిగాడు. అప్పటి నుంచి తలుపు మూసేశాను. మూడేళ్లయింది. కింద హాలంతా ఈ యంత్రాలే ఆక్రమించాయని మా ఆవిడ బాధ. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి “అమ్మేయండి నాన్నా” అంటున్నాడు. పక్కింటి తొమ్మిదో తరగతి అమ్మాయి మాత్రం అప్పుడప్పుడూ వచ్చి, ఆడటానికి కాదు, లోపల ఏముందో చూపించమని అడుగుతుంది. అమ్మేయాలా, మళ్లీ తలుపు తెరవాలా, ఇలాగే ఉంచుకోవాలా? నా తరువాత వీటి గతి ఏమిటి?
— ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం:

మీ ఉత్తరంలో నన్ను నిలబెట్టింది చివరి ప్రశ్న కాదు. దానికి ముందు మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన పక్కింటి అమ్మాయి సంగతి. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను. అయిదింటినీ అమ్మవద్దు. అయిదింటినీ ఉంచుకోనూ వద్దు. మూడింటిని ఉంచుకుని వారానికి ఒక్కరోజైనా నలుగురి చేత ఆడించండి. మూడేళ్లుగా మీరు చేస్తున్నది, అంటే తలుపు మూసి భద్రంగా దాచుకోవడం, మీరు రాసిన మూడు దారుల్లోకీ యంత్రాలకు ఎక్కువ చేటు తెచ్చేది.

ఎవరో చెప్పగా విని అంటున్న మాట కాదిది. నాకు వాల్వు రేడియోలంటే ప్రాణం. చిత్తూరులో ఉద్యోగం చేసినన్నాళ్లూ సంతల్లోనూ పాత సామాన్ల కొట్లలోనూ వెతికి 14 రేడియోలు పోగుచేశాను. పిల్లలు మరలు తిప్పి పాడుచేస్తున్నారని వాటిని మేడమీద గదిలో పెట్టి, దుప్పట్లు కప్పి, తాళం వేశాను. తొమ్మిదేళ్ల తరువాత తెరిచాను. ఆ కాలపు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లోపల అల్యూమినియం రేకు మీద సన్నటి ఆక్సైడ్ పొర ఉంటుంది. కరెంటు అందుతున్నంతకాలం ఆ పొర తనను తాను సరిచేసుకుంటూ ఉంటుంది. ఏళ్ల తరబడి కరెంటు అందకపోతే క్షీణిస్తుంది. అది తెలిసి కూడా ఆత్రం కొద్దీ ఒకదాని తరువాత ఒకటి ప్లగ్గు పెట్టాను. రెండు నా కళ్లముందే పొగలు కక్కాయి. స్పీకర్ల కాగితాన్ని పురుగులు తినేశాయి. బ్యాండు మార్చే స్విచ్చులు బొగ్గులా నల్లబడ్డాయి. పద్నాలుగింటిలో అయిదే మళ్లీ పలికాయి. ఆ గదికి తాళం వేసే ముందు ఇంకో రేడియోను మా వీధి చివర టీ కొట్టుకు ఇచ్చేశాను. అక్కడ పొగ, జిడ్డు, రోజూ పదిమంది చేతులు. ఆ తొమ్మిదేళ్లూ అది పాడుతూనే ఉంది.

పిన్‌బాల్ యంత్రానికి మూసిన గది ఇంకా ప్రమాదం. రేడియోలో కదిలే భాగాలు తక్కువ. పిన్‌బాల్‌లో కదలనిది చెక్కపెట్టె ఒక్కటే. కుడిపక్క మీట నొక్కితే ఏం జరుగుతుందో మీకు తెలుసు, ఈ శీర్షిక చదివే మిగతావారి కోసం కొంచెం వివరంగా రాస్తాను. ఆటబల్ల అడుగున పెద్ద దారపు రీలంత తీగచుట్ట ఉంటుంది. నిజానికి అందులో రెండు చుట్టలు: ఒకటి లావుతీగతో చుట్టింది, ఇంకోటి సన్నతీగతో ఎక్కువ చుట్లు తిప్పింది. మీట నొక్కగానే లావుచుట్టలోకి కరెంటు ఉరుకుతుంది. లోపలి ఇనుప కడ్డీ ఒక్క ఉదుటున లోనికి దూసుకుపోతుంది. దానితోపాటు బల్ల పైన ఫ్లిప్పర్ అనే చిన్న తెడ్డు లేచి, 80 గ్రాముల ఉక్కు బంతిని పైకి కొడుతుంది. ఫ్లిప్పర్ పూర్తిగా లేచీ లేవగానే దాని వెనుక ఉన్న చిన్న స్విచ్చు తెరుచుకుంటుంది. అప్పుడు సన్నచుట్ట కూడా కరెంటు దారిలోకి వచ్చి జోరును అణుస్తుంది. మీరు మీట వదిలేదాకా ఫ్లిప్పర్ కొద్దిపాటి కరెంటుతోనే పైన నిలబడి ఉంటుంది. ఆ చిన్న స్విచ్చు తెరుచుకోకపోతే చుట్ట వేడెక్కి కాలిపోతుంది. దాని ముక్కులు నల్లబడితే ఫ్లిప్పర్‌కు సత్తువ తగ్గి, బంతి సగం దూరం ఎక్కి కిందికి జారిపోతుంది. ఒక యంత్రంలో ఇలాంటి స్విచ్చులు, రిలే ముక్కులు పదుల కొద్దీ ఉంటాయి. ఆడుతూ ఉంటే ఒకదానికొకటి ఒరుసుకుని చాలావరకు శుభ్రంగా ఉంటాయి. ఆడకపోతే వాటిమీద పొర కడుతుంది. రబ్బరు రింగులు గట్టిపడి పగుళ్లిస్తాయి. మన ఊళ్లలో బల్లులు, బొద్దింకలు సరేసరి. నేను బాగుచేసిన ఒక రిలేల యంత్రంలో ఆట మధ్యలో స్కోరు ఎందుకు ఆగిపోతోందో రెండురోజులు వెతికాను. రెండు స్విచ్చు పలకల మధ్య బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దదిగా, తెల్లగా ఏదో కనిపించింది. బల్లి గుడ్డు పెంకు. అది తీసేయగానే స్కోరు చక్రం టక్కుమని తిరిగింది.

ఇప్పుడు ఒక తొందర పని. ఈ సమాధానం మిగతాది తరువాత చదువుకోవచ్చు. వెళ్లి గోర్గార్‌దీ, 1990ల యంత్రాలు రెండింటిదీ ప్లగ్గులు పీకి, వెనుక నిలువుపెట్టెలు తెరవండి. కంప్యూటర్ బోర్డు మీద మామూలు పెన్సిల్ బ్యాటరీలు మూడు ఉంటాయి, జ్ఞాపకం నిలిపేందుకు పెట్టినవి. మూడేళ్లుగా వాటిని మార్చి ఉండరు. అవి కారితే ఆ క్షారం బోర్డు మీద రాగిగీతలను తినేస్తుంది. బ్యాటరీల చుట్టూ ఆకుపచ్చగానో తెల్లటి పొడిగానో కనిపిస్తే, బ్యాటరీలు తీసేసి, మెత్తటి బ్రష్షుతో కొంచెం వెనిగర్ రాసి, తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బాగా తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఆ తరువాత బ్యాటరీల గూడును బోర్డు మీద కాకుండా, రెండు తీగలతో కిందికి దింపి పెట్టెలో వేరే చోట బిగించండి. ఇకముందు కారినా బోర్డుకు తగలదు. ఆ గూడు, తీగలు చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లో ఏ కొట్టులోనైనా దొరుకుతాయి. ఆగిపోయిన 1990ల యంత్రానికి జబ్బు ఇదే కావచ్చునని నా అనుమానం. మిగతా రెండింటికి ఆ గతి పట్టకుండా చూసుకోండి. ముఖ్యంగా గోర్గార్‌కు. అది మాట్లాడిన తొలి పిన్‌బాల్ యంత్రం. విలియమ్స్ కంపెనీ దానికి నేర్పింది ఏడే ఏడు మాటలు. వాటినే అటూ ఇటూ కలిపి ఆటగాణ్ని రెచ్చగొడుతుంది. ఆట సాగేకొద్దీ వెనుక గుండె చప్పుడు జోరందుకుంటుంది. అలాంటిదాన్ని మూడేళ్లు మాట్లాడనివ్వకుండా ఉంచారంటే నాకు నిజంగా మనసు చివుక్కుమంది.

ఇక జూదం మాట. మిమ్మల్ని అంతగా నొప్పించిన ఆ మాట మీ వీధాయన కొత్తగా పుట్టించింది కాదు. ఈ ఆట పుట్టిన దేశంలోనే పుట్టింది. 1931లో చికాగోలో డేవిడ్ గాట్లీబ్ బాఫిల్ బాల్ అనే చిన్న పెట్టెను అమ్మకానికి పెట్టాడు. మనం చిన్నప్పుడు చెక్కపలక మీద మేకులు కొట్టి, గోలీలు దొర్లించి, ఏ గుంటలో పడితే ఎన్ని మార్కులో లెక్కపెట్టుకున్నామే, దాదాపు అదే ఆట. ఒక సెంటు నాణెం వేస్తే కొన్ని బంతులు వచ్చేవి. ఉద్యోగాలు పోయి జనం అల్లాడుతున్న రోజులు. చవగ్గా దొరికే వినోదం కదా, 50,000కు పైగా అమ్ముడుపోయింది. అప్పటికి ఫ్లిప్పర్లు లేవు. స్ప్రింగు కడ్డీ లాగి వదలడం, ఆపైన అదృష్టం. కొట్టువాళ్లు గెలిచినవారికి బహుమతులు ఇవ్వడం మొదలుపెట్టారు. జూదం అన్న పేరు అలా అంటుకుంది. 1942 జనవరిలో న్యూయార్క్ మేయర్ లా గార్డియా నగరంలో పిన్‌బాల్‌ను నిషేధించాడు. పోలీసులు వేల యంత్రాలను పట్టుకుని సుత్తులతో పగలగొట్టారు. ఆ నిషేధం 34 ఏళ్లు నడిచింది.

మధ్యలో 1947లో ఆట స్వభావమే మారిపోయింది. గాట్లీబ్ కంపెనీ తెచ్చిన హంప్టీ డంప్టీ యంత్రానికి హారీ మాబ్స్ ఆరు ఫ్లిప్పర్లు పెట్టాడు. బంతి ఇక ఎటు పోతే అటు చూస్తూ కూర్చోనక్కర లేదు, మన చేత్తో మళ్లించుకోవచ్చు. నాకు చాలా ఇష్టమైన ఘట్టం మాత్రం 1976 నాటిది. న్యూయార్క్ నగర సభ ఎదుట రోజర్ షార్ప్ అనే యువ రచయిత సాక్ష్యం చెప్పాడు. ఇది నైపుణ్యంతో ఆడే ఆట అని నిరూపించడానికి రెండు యంత్రాలు తెచ్చుకున్నాడు. వాళ్లు అనుమానపడి, అతను అలవాటు చేసుకుని వచ్చిన యంత్రం కాకుండా రెండోదాని మీద ఆడమన్నారు. కొంతసేపు ఫ్లిప్పర్లతో చెప్పినచోటికి బంతి పంపించాడు. చివరికి స్ప్రింగు కడ్డీ పట్టుకుని, ఇప్పుడు బంతి నడిమి దారిలోనే దిగుతుంది చూడండి అని ముందే చెప్పి వదిలాడు. బంతి చెప్పినట్టే దిగింది. నిషేధం ఎత్తేశారు. ఈ కథ మీ వీధాయనకు చెప్పండి. చెప్పడం కంటే ఆయన్నే ఒక సాయంత్రం పిలిచి ఫ్లిప్పర్ల దగ్గర నిలబెట్టండి. మూడో బంతికల్లా తన చేతిదే తప్పని ఆయనకే తెలుస్తుంది. అదృష్టాన్ని తిట్టుకునే అవకాశం ఆ యంత్రం ఇవ్వదు.

ఒక్క విషయంలో మాత్రం గీత గట్టిగా గీయండి. పైసా తీసుకోవద్దు, పైసా బహుమతి పెట్టవద్దు. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది, దాని జోలికి వెళ్లే అవసరమే మీకు రాకూడదు. 1990ల యంత్రాల్లో నాణెం లేకుండా ఆడుకునే అమరిక మెనూలోనే ఉంటుంది. పాతవాటికి నాణెం తలుపు లోపలి స్విచ్చుకు ఒక మీట బిగిస్తే చాలు. ఎవరైనా ఖర్చులకు ఇస్తామంటే రబ్బరు రింగుల కట్టో, కొత్త బంతో కొనిపెట్టమనండి.

మీ శ్రీమతిగారి విషయానికి వస్తే, ఆమెదే న్యాయం. మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఒక్కో యంత్రం పొడవు నాలుగున్నర అడుగులు, వెడల్పు రెండున్నర. ఆడే మనిషి నిలబడటానికి ఇంకో మూడు అడుగులు. రెండు యంత్రాలు బయటికి వెళితే దాదాపు 38 చదరపు అడుగులు ఖాళీ అవుతుంది. ఆగిపోయిన 1990ల యంత్రాన్ని అమ్మేయండి. ఆ కాలం యంత్రాలకు కొనేవాళ్లు దొరుకుతారు, ఆగిపోయినా సరే. ఆ డబ్బు మిగతావాటి విడిభాగాలకు సరిపోతుంది. ఆగిపోయిన రిలేల యంత్రం సంగతి కింద రాస్తాను. ఖాళీ అయిన చోటు ఏం చేయాలో ఆమెనే నిర్ణయించనివ్వండి. మీ అబ్బాయి మాటలో కూడా నాకు విసుగు కనిపించలేదు. ఒక్కో యంత్రం వంద కిలోలకు పైనే ఉంటుంది. రేపు అవన్నీ తన నెత్తిన పడతాయన్న బెంగ అది. అయిదు మూడయితే ఆ బెంగ కూడా తగ్గుతుంది.

తలుపు తెరవడం గురించి. ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా చాలు. మే నెలలో తిరుపతి ఎండకు ఆ గదిలో పిల్లలను నిలబెట్టకండి, ఆ నెల ఉదయం పూట పెట్టుకోండి. ఒకసారికి ఎనిమిదిమందికి మించి వద్దు. మీరు గదిలో లేనప్పుడు స్విచ్చు వేసి ఉండకూడదు. అన్నిటికంటే ముందు ఎర్తింగ్. ఆ యంత్రాలు అమెరికా 120 వోల్టులకు చేసినవి. మీరు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే ఉంటారు. కానీ పక్క పట్టీలు, కాళ్లు, నాణెం తలుపు అన్నీ లోహమే. చెప్పులు బయట విడిచి, ఉత్త కాళ్లతో గచ్చు మీద నిలబడి, రెండు చేతులతో ఆ లోహాన్ని పట్టుకునే పిల్లలు వస్తారు. మూడో పిన్ను ప్లగ్గులో ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. మన ఇళ్లలో చాలాచోట్ల ఆ తీగ గోడలోనే ఆగిపోతుంది. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ప్రతి యంత్రం కాలి దగ్గర నుంచి ఎర్త్ గుంటదాకా మీటరు పెట్టి చూపించమనండి. అది కుదిరేదాకా ఒక్క పిల్లవాణ్ని కూడా లోపలికి రానివ్వకండి. ట్రాన్స్‌ఫార్మర్లను నేలమీద ఉంచకుండా గోడకు మోకాలి ఎత్తున పలక వేసి పెట్టండి. 2021 నవంబరు వానలకు ఊళ్లో వీధులు ఎలా పారాయో మీకు చెప్పనక్కర లేదు. ఇంకొకటి. అమెరికాలో కరెంటు సెకనుకు 60 ఆవృత్తులు, ఇక్కడ 50. ఆ తేడాను మీ ట్రాన్స్‌ఫార్మర్ సరిచేయదు. అందుకే మీ రిలేల యంత్రంలో స్కోరు మోటారు అక్కడికంటే కాస్త నెమ్మదిగా తిరుగుతుంది, యంత్రం లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. రెండు గంటల ఆటకు ఇబ్బంది లేదు. రోజంతా మాత్రం ఆన్ చేసి ఉంచకండి.

గాజు మీద కూర్చున్న కుర్రవాడిని క్షమించేయండి. పైన కూర్చుంటే పగలకపోవడానికి కారణం అది గట్టిపరిచిన గాజు. అదే గాజును తీసి గచ్చు మీద మూలతో నిలబెట్టి చూడండి, చిన్న దెబ్బకే పిండిపిండి అవుతుంది. ఆ కుర్రవాడు మళ్లీ వస్తే, యంత్రాన్ని ఊపవద్దని, ఎక్కవద్దని వందసార్లు చెప్పేబదులు ముందు తలుపు తీసి లోపల వేలాడే గుండు చూపించండి. సన్న కడ్డీకి వేలాడే లోహపు గుండు, దాని చుట్టూ తగలకుండా ఒక రింగు. యంత్రాన్ని మరీ కుదిపితే గుండు ఊగి రింగుకు తగులుతుంది, కరెంటు దారి పూర్తవుతుంది, ఫ్లిప్పర్లు చచ్చుబడతాయి, ఆ బంతి పోయినట్టే. మెల్లగా తట్టి బంతిని మళ్లించడం మాత్రం ఆటలో భాగమే. ఎంత తడితే గుండు తగలదో పిల్లలు కాసేపట్లోనే కనిపెడతారు. నియమం ఎందుకుందో కళ్లతో చూసిన పిల్లవాడు దాన్ని తానే మిగతావాళ్లకు చెబుతాడు.

ఎవరు వస్తారన్న దిగులు మీకు అక్కర లేదు. 2000 తరువాత తిరుపతిలో ఇంటర్నెట్ సెంటర్లకు, కంప్యూటర్ శిక్షణ కేంద్రాలకు వెళ్లిన వాళ్లందరూ విండోస్ ఎక్స్‌పీలో ఉన్న పిన్‌బాల్ ఆట ఆడినవారే. ఇప్పుడు వాళ్లకు ముప్పై అయిదు, నలభై ఏళ్లు. అది కంప్యూటర్‌లోనే పుట్టిన ఆట అనుకుంటున్నవారు వాళ్లలో ఎందరో. అసలు యంత్రం ముందు నిలబడి, బంతి బరువు చేతికి తెలిసినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి మీరు. పిల్లలను తీసుకొచ్చే వంకతో వాళ్లే ముందు వరుసలో ఉంటారు.

ఇప్పుడు పక్కింటి అమ్మాయి.

2014లో మా అమ్మాయి దగ్గరికి కాలిఫోర్నియా వెళ్లినప్పుడు అలమేడా ఊళ్లో పసిఫిక్ పిన్‌బాల్ మ్యూజియం చూశాను. లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి రుసుము కడితే చాలు, గదుల నిండా ఉన్న యంత్రాలను ఎంతసేపైనా ఆడుకోవచ్చు. మ్యూజియం అంటే తాకరాదు అన్న పలకలు చూసి పెరిగిన నాకు అది ఆశ్చర్యం. కానీ నన్ను గంటసేపు కదలనివ్వనిది ఒక పారదర్శక యంత్రం. 1970ల నాటి ఆటనే తీసుకుని, చెక్కకు బదులు అంతా స్పష్టమైన ప్లాస్టిక్‌తో మళ్లీ కట్టారు. బంతి తనను ఎగరగొట్టే బంపర్‌ను తాకితే అడుగున ఏ రిలే కొట్టుకుంది, ఏ పళ్ల చక్రం ఒక పన్ను జరిగింది, అన్నీ కనిపిస్తాయి. దాని చుట్టూ ఆడేవాళ్లకంటే వంగి చూసేవాళ్లే ఎక్కువ. మీ పక్కింటి అమ్మాయి అడుగుతున్నది అదే.

ఆడేవాళ్లు ఎంతమందైనా దొరుకుతారు. లోపల చూడాలనుకునేవాళ్లు అరుదు. మీకు వెతక్కుండానే దొరికింది. ఆగిపోయిన రిలేల యంత్రాన్ని ఆమెతో కలిసి బాగుచేయండి. తల్లిదండ్రులతో మాట్లాడి, వాళ్లలో ఒకరు కూడా వచ్చి కూర్చునేలా చూడండి. మొదటి నెల ప్లగ్గు పీకి ఉంచే పని చేయండి. రిలేల యంత్రంలో కంప్యూటర్ లేదు, చిప్పు లేదు. అయినా అది లెక్కపెడుతుంది, గుర్తుపెట్టుకుంటుంది, ఎవరి వంతో తెలుసుకుంటుంది. రెండు స్విచ్చులు వరుసగా ఉంటే రెండూ మూసుకోవాలి, పక్కపక్కన ఉంటే ఏ ఒక్కటి మూసుకున్నా చాలు. బడి పాఠాల్లో వచ్చే కరెంటు వలయాలు అక్కడ కంటికి కనిపిస్తాయి, చెవికి వినిపిస్తాయి. ఒక రిలేను వేలితో నొక్కిస్తే, దానివల్ల ఇంకెన్ని స్విచ్చులు మూసుకుంటాయో, ఎన్ని తెరుచుకుంటాయో లెక్కపెట్టమనండి. యంత్రంతోపాటు వచ్చిన వలయ చిత్రం మీ దగ్గర ఉందనే అనుకుంటున్నాను. ఆ పెద్ద కాగితాన్ని చాపమీద పరిచి, కరెంటు ఎటు పోతుందో రంగు పెన్సిల్‌తో ఆమె చేతే గీయించండి.

ఆ యంత్రం మళ్లీ నడిచాక దాన్ని ఇంట్లో ఉంచుకోకుండా ఏదైనా ఇంజనీరింగ్ కళాశాలకో, పాలిటెక్నిక్‌కో ఇవ్వండి. మీ ఊళ్లోనే ఎస్వీ విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కళాశాల ఉంది, అడిగి చూడండి. ఇచ్చేటప్పుడు ఒక షరతు పెట్టండి, గాజు బీరువాలో పెట్టకూడదని, ప్రయోగశాలలో విద్యార్థులు విప్పి చూడాలని. దానితోపాటు ఆ అమ్మాయి గీసిన రంగు గీతల కాగితాన్ని కూడా ఇవ్వండి.

మీ తరువాత ఏమిటన్నదానికి వీలునామా ఒక్కటే జవాబు కాదు. అది రాయండి, ఏ యంత్రం ఎవరికో పేరు పెట్టి రాయండి, అబ్బాయికి చూపించి రాయండి. దానికంటే ముందు ఒక్కో యంత్రానికి ఒక్కో నోటుపుస్తకం పెట్టండి, తెలుగులో. ఏ ఫ్యూజు ఎన్ని ఆంపియర్లు, ఏ తాళం చెవి దేనిది, రబ్బరు రింగులు ఎప్పుడు మార్చారు, బంతి ఎప్పుడు మార్చారు. గుంటలు పడిన బంతి ఆటబల్ల మీది రంగును ఆకురాయిలా గీకేస్తుంది, అది కూడా మొదటి పేజీలోనే రాయండి. ఏ తీగ ఊడదీసే ముందయినా ఫోనులో ఫొటో తీసుకోమని రాయండి. మీ తలలో ఇన్నేళ్లుగా ఉన్నది కాగితం మీదికి రాకపోతే, అబ్బాయి ఎంత ఇష్టంతో తీసుకున్నా ఆ యంత్రాలు ఏడాది తిరగకముందే ఆగిపోతాయి. నా రేడియోల్లో అయిదు బతికాయంటే, ఎప్పుడో రాసుకున్న చిన్న పుస్తకం ఒకటి పెట్టె అడుగున దొరికింది కనుకే.

వచ్చే ఆదివారానికి పని చెబుతాను. ఆడుతున్న రిలేల యంత్రంలో ఎడమ ఫ్లిప్పర్ చుట్ట లోపల నైలాను గొట్టం ఉంటుంది, కడ్డీ దానిలోనే జారుతుంది. అరిగి నల్లటి పొడి రాలుతూ ఉంటుంది. ప్లగ్గు పీకి, అది మార్చడం ఆ అమ్మాయికి నేర్పండి. రెండు మరలు విప్పి, గొట్టం తీసి, కొత్తది తొడిగి బిగించడమే. పాత గొట్టాన్ని ఆమెకే ఇచ్చేయండి. ఆ రోజు మీ శ్రీమతిగారిని కూడా కిందికి పిలవండి, మొదటి బంతి ఆమెను ఆడమనండి.

ఆగిపోయిన రిలేల యంత్రం గురించి నాకు ఇంకొక్క వివరం కావాలి. ఆట మొదలుపెట్టగానే స్కోరు చక్రాలన్నీ సున్నాకు వచ్చి ఆగుతున్నాయా, లేక మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉందా? తిరుగుతూనే ఉంటే ఒక్కో చక్రం వెనుక సున్నా దగ్గర తెరుచుకునే స్విచ్చు ఉంటుంది, ముందు వాటిని చూడండి. ఒక్కటి అతుక్కుని ఉన్నా యంత్రం ఆట మొదలుపెట్టదు. ఏం కనిపించిందో రాయండి. వీలైతే ఆ అమ్మాయి చేతే రాయించండి.